మూత దించితేనే తలుపులకు తాళం: పాత చైనా గట్టిచెక్క పెట్టెల తయారీ, వాడకం

పాత చైనా సామాను అమ్మే చోట ఒక పెట్టె తరచూ కంటపడుతుంది. ఎత్తు 35, 40 సెం.మీ., వెడల్పూ దాదాపు అంతే, లోతు కాస్త తక్కువ. పైన మూత, ముందు రెండు చిన్న తలుపులు, కింద పీట. తలుపులు తీద్దామని లాగితే రావు. వాటికి తాళం కనబడదు, గడియా ఉండదు. బిగుసుకుపోయాయేమోనని కొందరు గోరు దూరుస్తారు, ఇంకొందరు స్క్రూడ్రైవర్ దూర్చి అంచు విరగ్గొడతారు. ముందు తెరవాల్సింది మూత. ఒక్కో తలుపు పై అంచున బయటివైపు సగం మందం చెక్కేసి, లోపలి సగాన్ని నాలుకలా పైకి వదిలిపెట్టాడు వడ్రంగి. మూత దించగానే దాని ముందుగోడ ఆ నాలుకల మీదుగా దిగి వాటిని పట్టేస్తుంది. అప్పుడు మూతకు ఒక్క తాళం కప్ప వేస్తే చాలు. మూత కిందున్న అర, తలుపుల వెనకున్న సొరుగులు అన్నీ భద్రం.

దీని పేరు గ్వాన్‌పీషియాంగ్. మాటకు మాట చెబితే అధికారుల తోలుపెట్టె. ఆ పేరు చూసి ఇది దొరల ప్రయాణపు పెట్టె అనీ, ఇందులో రాజముద్రలూ దస్తావేజులూ ఉంచేవారనీ చాలాచోట్ల రాసేశారు. చైనా పాత ఫర్నిచర్ మీద జీవితమంతా పనిచేసిన వాంగ్ షీషియాంగ్ (1914–2009) ఆ మాట ఒప్పుకోలేదు. ఈ పెట్టెలు ఇన్ని మిగిలాయంటే ఇవి కలిగిన ఇళ్లన్నింటిలో ఉండిన వస్తువులై ఉండాలి. పైగా వాటి మీద చెక్కిన బొమ్మల్లో పెళ్లికి, సంతానానికి శుభం పలికేవి చాలా ఉన్నాయి. అందుకని ఇది ఆడపిల్లకు సారెతో పంపే అలంకరణ పెట్టె అని ఆయన తేల్చారు. లోపలి అమరిక కూడా ఆ పక్షమే. మూత ఎత్తితే జానెడు లోతు కూడా లేని అర ఉంటుంది. కంచు అద్దాన్ని ఆనించుకునే మడత చట్రం కొన్నింట్లో ఇంకా మిగిలే ఉంది. తలుపుల వెనక సొరుగులు దువ్వెనలు, జడ సూదులు, పౌడరు బరిణెలు పట్టేంతే. లెక్కల పుస్తకం ఒక్కటి కూడా వాటిలో పరుచుకోదు.

పేరును బట్టి వాడకం ఊహిస్తే ఇలాగే తప్పుతుంది. ఎక్కడ మందం పెంచారు, ఎక్కడ తగ్గించారు, బరువు ఎటు పడేలా కట్టారు అన్నవి చూస్తే పెట్టె దేనికోసం పుట్టిందో తెలుస్తుంది. కొనేవాళ్లకూ, ఇంట్లో ఉన్నదాన్ని వాడుకునేవాళ్లకూ, బాగుచేసేవాళ్లకూ అవసరమైన చూపు అదే.

కాగితాల పెట్టె

దస్తావేజులకు, విలువైన చిన్న వస్తువులకు వాడినది షియావ్‌షియాంగ్, అంటే చిన్న పెట్టె. పొడవు 40 సెం.మీ. అటూ ఇటూ, వెడల్పు 20 దాటి కొంచెం, ఎత్తు 15. పైకి చూస్తే చెక్కడమేమీ ఉండదు. ఉన్న అలంకారమల్లా మూత అంచునా, పెట్టె నోటి అంచునా చుట్టూ తిరిగే ఒక్కో ఉబ్బు గీత. దీపపు వత్తంత సన్నంగా ఉంటుంది కనుక చైనా వడ్రంగులు దాన్ని వత్తి గీత అనే పిలుస్తారు.

ఈ గీతను అందం కోసం దిద్దిందనుకుంటే అసలు సంగతి తప్పిపోతుంది. పెట్టె గోడ మందం సుమారు 1 సెం.మీ. మూతా పెట్టే ఒకదానిలో ఒకటి కూర్చోవాలంటే నోటి దగ్గర ఆ మందంలోంచే కొంత తీసేయాలి. కింద గోడకు నాలుక మిగులుతుంది, పైన మూతకు లోపలివైపు మెట్టు పడుతుంది. అంటే రోజూ చెయ్యి పడే చోట, మూత వచ్చి తగిలే చోట చెక్క సగానికి సన్నబడింది. ఆ పోయిన బలాన్ని బయటివైపు నుంచి తిరిగి ఇవ్వడానికే వత్తి గీత. దాన్ని విడిగా అతికించరు. పలకను మొదట మందంగానే తీసుకుని, గీత ఉన్న చోట తప్ప మిగతా ముఖమంతా చిత్రిక పట్టి దించుతారు. రెండు మిల్లీమీటర్ల ఉబ్బు కోసం అంత విలువైన చెక్కను పొట్టుగా పోగొట్టుకున్నారంటే ఆ బలం ఎంత అవసరమనుకున్నారో అర్థమవుతుంది. నకళ్లు చేసేవాళ్లు చాలామంది ఈ ఖర్చు తప్పించుకుని సన్నని బద్దను జిగురుతో అంటిస్తారు. మూలల దగ్గర భూతద్దం పెట్టి చూస్తే గీతలోని చెక్క ఈనెలూ గోడలోని ఈనెలూ కలవవు.

మూలల్లో గోడలు 45 డిగ్రీల కోతతో కలుస్తాయి. లోపల పావురం తోక ఆకారపు పళ్లు దాగి ఉంటాయి, అంటే మన వడ్రంగులు డవ్‌టెయిల్ అనే అతుకు. బయట లోహపు రేకు ఆ మూలను చుట్టుకుంటుంది. మూత నాలుగు మూలల మీదా మబ్బు ఆకారపు రేకులుంటాయి. ముందు గుండ్రటి పళ్లెంలాంటి రేకు, దాని మీదకు మూత నుంచి దిగే గొళ్లెం నాలుక, పక్కల ఎత్తడానికి కడియాలు. లోహం ఇత్తడి కావచ్చు, లేదా పాయ్‌థుంగ్ అనే తెల్ల రాగి కావచ్చు. రాగి, నికెల్, జింకు కలిసిన ఈ మిశ్రమం వెండిలా కనిపిస్తుంది కానీ వెండిలా నల్లబడదు.

కడియాన్ని బిగించిన పద్ధతి దగ్గరగా చూడదగ్గది. రెండు కాళ్ల లోహపు చీల ఒకటి కడియాన్ని పట్టుకుని, రేకులోంచీ గోడలోంచీ లోపలికి వస్తుంది. లోపలికి వచ్చాక రెండు కాళ్లనూ చెరోవైపు వంచి చెక్కకు అణగ్గొడతారు. మరమేకు ఉండదు, జిగురు ఉండదు. మంచి పనిలో రేకుల మందం మేరకు చెక్కను గాడి తీసి, రేకు ముఖమూ చెక్క ముఖమూ ఒకే మట్టానికి తెస్తారు. వేలితో రాస్తే లోహం ఎక్కడ ఆగి చెక్క ఎక్కడ మొదలైందో తెలియకూడదు.

ఈ చీలలే బాగుచేసేవాళ్ల చేతుల్లో విరిగేవి కూడా. ఇత్తడి వంచిన చోట గట్టిపడుతుంది. ఒకసారి వంచి, వందేళ్లు ఉంచి, మళ్లీ నిటారు చేసి, మళ్లీ వంచితే రెండో మూడో వంపుకు తెగుతుంది. తోమి మెరిపించడానికి కడియాలు ఊడదీయాలనుకోవడం అందుకే పెద్ద పొరపాటు.

ఏ చెక్క, ఎందుకు

అప్పట్లో చైనాను ఏలుతున్న మింగ్ వంశపు ప్రభుత్వం 1567లో సముద్ర వ్యాపారం మీది నిషేధాన్ని సడలించింది. ఫూజియాన్ తీరపు రేవుల్లోకి ఉష్ణమండలపు కలప రావడం పెరిగి, సూజౌ పరిసరాల వడ్రంగులకు గట్టిచెక్క అందుబాటులోకి వచ్చింది. ఈ పెట్టెల గొప్ప కాలం అక్కడ మొదలైంది. ఎక్కువగా వాడింది హ్వాంగ్‌హ్వాలీ, హైనాన్ దీవిలో పెరిగే ఒక రోజ్‌వుడ్. తేనె రంగు, తియ్యని వాసన, ముడుల దగ్గర దయ్యం ముఖాల్లా చుట్టుకున్న ఈనెలు దాని గుర్తులు. దాని చేవను చైనా వైద్యంలో మందుగానూ వాడతారు. జీఛూము అనే కోడిరెక్క చెక్కలో కోడి ఈకల్లాంటి చారలుంటాయి, దానితో చేసినవి తక్కువ. మింగ్ తర్వాత వచ్చిన చింగ్ వంశపు కాలం చివర్లో హుంగ్‌ము అనే ఎర్ర కలపలు వచ్చి మిగతావాటి చోటు ఆక్రమించాయి.

అన్నిటికన్నా పైమెట్టున చైనావాళ్లు కూర్చోబెట్టింది జితాన్‌ను. తెలుగువాళ్లకు అది పరాయిది కాదు. ఏ చెక్కను ఏ పేరుతో పిలవాలో చెప్పే చైనా జాతీయ ప్రమాణం 2017 సవరణలో కూడా జితాన్ వర్గం కింద చోటున్నది ఒకే ఒక్క చెట్టుకు, మన ఎర్రచందనానికి. శేషాచలం, వెలిగొండ, లంకమల, పాలకొండల రాతి నేలల్లో నెమ్మదిగా పెరిగే చెట్టు అది. చింగ్ కాలంలో, ముఖ్యంగా చియెన్‌లుంగ్ చక్రవర్తి ఏలిన 1736–1795 మధ్య, రాజమహల్ పనిశాలలు ఈ చెక్కను గుత్తకు పట్టినంత పని చేశాయి.

చైనా వడ్రంగుల్లో ఒక మాట ఉంది: పది జితాన్ దుంగల్లో తొమ్మిది బోలు. ఎర్రచందనం మాను ఎప్పుడూ సన్నమే, పెద్దదైతే నడుమ తొర్ర పడి ఉండటం మామూలు. వెడల్పు పలక దొరకడం కష్టం కనుకే ఈ చెక్క బీరువాల కంటే పెట్టెలకూ, సిరా నూరే రాళ్ల గూళ్లకూ, ముద్రల పేటికలకూ ఎక్కువ ఒదిగింది. జితాన్‌లో పెద్ద పెట్టె, దానికి ఒకే పలకతో మూత అని ఎవరైనా చూపిస్తే సంతోషించే ముందు అనుమానించాలి. ఇప్పుడు బజారులో దాని పేరుతో తిరిగేది చాలావరకు ఆఫ్రికా నుంచి వచ్చే దాని దాయాది చెట్టు, లేదా మడగాస్కర్ రోజ్‌వుడ్.

బరువు లెక్క వేసి చూస్తే ఒక విషయం తేలుతుంది. పైన చెప్పిన కొలతల పెట్టెకు, అంటే 40, 22, 15 సెం.మీ. కొలతలతో 1 సెం.మీ. పలకలతో చేసినదానికి, దాదాపు 3,300 ఘన సెం.మీ. చెక్క పడుతుంది. ఎర్రచందనం నీట మునిగే చెక్క. కాబట్టి ఖాళీ పెట్టే నాలుగు కిలోలకు దగ్గర పడుతుంది. హ్వాంగ్‌హ్వాలీలో మూడు కిలోలు. అదే పెట్టెను పాలోనియా లాంటి తేలిక చెక్కతో చేస్తే ఒక్క కిలో. ఇందుకే లోపలి సొరుగుల పక్కలు, అడుగులు చాలాసార్లు కర్పూరపు చెక్కతోనో, నాన్‌ము అనే మెత్తటి సువాసన చెక్కతోనో ఉంటాయి. లోపల చవక చెక్క కనిపించగానే మోసం అనుకోనక్కర్లేదు. బయట గట్టిది, లోపల తేలికది అన్నది అప్పటి వాళ్లు తెలిసి చేసిన పని. లోపలా బయటా అంతా ఒకే ఖరీదైన చెక్కతో నిగనిగలాడుతుంటేనే రెండోసారి చూడాలి.

కాగితం విషయంలో వాళ్లు ఇంకా జాగ్రత్తపరులు. చియెన్‌లుంగ్ కాలపు మహా గ్రంథసంకలనం ప్రతుల్లో ఒకటి ఇప్పుడు బీజింగ్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. అందులోని 36,304 సంపుటాలు 6,144 పెట్టెల్లో అమరి ఉన్నాయి. ఆ పెట్టెలన్నీ నాన్‌ము చెక్కవి. కావాలంటే ఎంత ఖరీదైన చెక్కనైనా తెప్పించుకోగల చక్రవర్తి పుస్తకాలకు మాత్రం నూనె, రంగు తక్కువగా ఉండే చెక్కనే ఎంచుకున్నాడు.

మోసుకెళ్లే పెట్టె

థీహ అంటే పట్టుకుని మోసే పెట్టె. కింద దీర్ఘచతురస్రపు చట్రం, దాని రెండు కొసల్లో నిలువు స్తంభాలు, వాటిని కలుపుతూ పైన అడ్డకర్ర. ఆ చట్రంలో తట్టలు ఒకదాని మీద ఒకటి, అన్నిటి పైన మూత. మన టిఫిన్ క్యారియర్ చూసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు, తాళం పద్ధతి తప్ప. మూత రెండు పక్కల మధ్యలో ఒక్కో రంధ్రం, ఎదురుగా స్తంభాల్లోనూ అదే ఎత్తులో రంధ్రం ఉంటాయి. సన్నని ఇత్తడి కడ్డీని దూరిస్తే మూత స్తంభాలకు కట్టుబడుతుంది. ప్రతి తట్టా కింది తట్ట నాలుకలో కూర్చుని ఉంటుంది కనుక మూత కదలకపోతే ఏదీ కదలదు. కడ్డీ కొసన చిన్న తాళం వేసేవీ ఉన్నాయి.

హాంగ్‌జౌకు చెందిన గావ్ లియెన్ 1591లో రాసిన జీవన విధానపు గ్రంథంలో తన విహారపు థీహ కొలతలు ఇచ్చాడు. ఎత్తు 1 ఛీ 8 ఛున్, అంటే ఇప్పటి లెక్కలో 57 సెం.మీ. దాకా. కింద చిన్న అరలో ఆరు సారాయి గిన్నెలు, ఒక కూజా, ఆరు జతల తినే పుల్లలు, అతిథులకు మర్యాదగా అందించే గిన్నెలు రెండు. పైన ఆరు తట్టలు. నాలుగింట్లో తట్టకు ఆరేసి చిన్న పళ్లేలు పండ్లకూ నంజుళ్లకూ, రెండింట్లో నాలుగేసి పెద్ద పళ్లేలు కూరలకు. అన్నిటికీ కలిపి ముందు ఒకే తలుపు, దానికి తాళం. ఆరుగురికి సరిపోతుందనీ, మోయడానికి తేలిక అనీ కూడా చెప్పాడు. అంత సామాను పట్టే పెట్టె తేలికగా ఉండాలంటే అది గట్టిచెక్కది అయ్యే వీలు తక్కువ. ఇప్పుడు మనకు దొరికే హ్వాంగ్‌హ్వాలీ, జితాన్ థీహలు చిన్నవి, రెండు మూడు తట్టలవి. వాటిలో జేడు రాళ్లు, ముద్రలు, రాత సామగ్రి ఉంచుకున్నారు. తిండి పెట్టె ఆకారం తీసుకుని విలువైన వస్తువుల పెట్టెగా మార్చారన్నమాట. తట్టల లోపల నూనె మరకలు లేకపోవడం అందుకు తగ్గట్టే ఉంటుంది.

కడ్డీ పోయిన థీహలు చాలా కనిపిస్తాయి. దాని బదులు ఇనుప మేకు దూర్చడం మాత్రం చేయకూడదు. తేమకు తుప్పు పట్టి రంధ్రం నల్లబడుతుంది, ఉబ్బి బిగుసుకుంటుంది. రంధ్రం కంటే అర మిల్లీమీటరు సన్నని ఇత్తడి కడ్డీ తీసుకుని, కొసలు గుండ్రంగా అరగదీసి వాడితే సరి.

మిగతా రకాల గురించి రెండు మాటలు చాలు. మందుల పెట్టెకు ముందు తలుపు, లోపల కొలత మారే చిన్న సొరుగులు చాలా ఉంటాయి. ముద్రల పేటిక మూత కొస నరికిన గోపురంలా వాలుగా పైకి వెళ్లి చదునుగా ముగుస్తుంది. సిరా నూరే రాయికి చేసిన గూడు ఒకే దుంగలోంచి రాతి ఆకారం మేరకు తొలిచింది, సిరా ఎండకుండా కాపాడుతుంది. బట్టల పెట్టెలు పెద్దవి, జతలుగా ఉంటాయి. చీరలకు పనికొచ్చేవి అవే.

ఏది చెడుతుంది, ఎందుకు

మొదటి శత్రువు తేమలో మార్పు. తేమ ఎంతున్నా ఒకేలా ఉంటే చెక్క సర్దుకుంటుంది, త్వరత్వరగా మారితేనే చిక్కు. చెక్క పొడుగునా దాదాపు కదలదు, అడ్డంగా కదులుతుంది. 20 సెం.మీ. వెడల్పు పలక వానాకాలానికీ ఎండాకాలానికీ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరగడం, తగ్గడం మామూలే. మంచి పనివాడు అడుగు పలకను నాలుగు గోడల గాడిలో వదులుగా కూర్చోబెట్టింది ఆ కదలికకు చోటు ఇవ్వడానికే. తర్వాతి చేతులు ఆ సందును చూసి వదులైందనుకుని గాడి నిండా జిగురు పోస్తాయి. మరుసటి ఎండాకాలం పలక ముడుచుకోవాలనుకుంటుంది, అంచులు వదలవు, నడిమికి చీలుతుంది. అడుగు పలకలో నిలువునా ఒకే చీలిక, దాని రెండు అంచుల్లోనూ గట్టిపడిన తెల్ల జిగురు కనిపిస్తే జరిగింది ఇదే. ఏసీ రోజంతా నడిచే గదికీ, విశాఖ లాంటి తీరపు గాలికీ మధ్య తిరిగే పెట్టెకు ఈ ముప్పు ఎక్కువ. అమెరికాలో చలికాలం హీటర్ వేసిన ఇళ్లలో గాలి ఇంకా ఎండిపోతుంది. 45 నుంచి 60 శాతం తేమ ఉన్న చోట, గోడకు ఆనకుండా, ఏసీ గాలి నేరుగా తగలకుండా ఉంచాలి. చీలిక ఇప్పటికే పడి ఉంటే వెంటనే లప్పం పెట్టకూడదు. వానాకాలంలో చెక్క ఉబ్బినప్పుడు లప్పం ఎడం చేసి చీలికను ఇంకా పెంచుతుంది.

అతుకు ఊడితే పాతకాలపు జిగురు మళ్లీ పనికొస్తుంది. చైనా వడ్రంగులు చేప తిత్తితో చేసిన జిగురు వాడేవారు. అది గోరువెచ్చటి నీటికి మెత్తబడుతుంది, కాబట్టి వందేళ్ల తర్వాత కూడా అతుకును విప్పి మళ్లీ కూర్చోబెట్టవచ్చు. తడి గుడ్డను అతుకు మీద పది నిమిషాలు ఉంచి, పాత జిగురును వెదురు పుల్లతో తీసి, జంతు జిగురే వేడిగా పూసి, రాత్రంతా గుడ్డ నాడాతో చుట్టి బిగించాలి. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు గట్టిగానే పడుతుంది, కానీ తర్వాత విప్పాలంటే చెక్క విరుగుతుంది. ఆ పళ్లు మళ్లీ చెక్కేవాళ్లు దొరకడం అంత సులభం కాదు.

పై మెరుపు సంగతి. ఉత్తరాన ఈ పెట్టెలకు వేడి తేనెమైనం ఎక్కించారు, దక్షిణాన చెట్టు పాల నుంచి వచ్చే లక్కను పలుచగా రాసి తుడిచారు. ఆ లక్క పురుగు ఇచ్చే మన ఏటికొప్పాక బొమ్మల లక్క కాదు, రెంటి స్వభావం వేరు. స్పిరిట్ తగిలితే మన లక్క కరుగుతుంది, గట్టిపడిన చైనా లక్క కరగదు. అయితే ఎర్రచందనంలోని ఎర్ర రంగు స్పిరిట్‌లో ఇట్టే దిగిపోతుంది కనుక దూది ముంచి రుద్ది పరీక్షించడం పనికిరాదు. ఉప్పు కాగితం అసలు వద్దు. పై పొరలో ఉన్నదే వయసు, అది పోయాక తిరిగి రాదు. మైనం ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక పాలు తేనెమైనాన్ని వేడినీళ్ల గిన్నెలో ఉంచిన చిన్న గిన్నెలో కరిగించి, పొయ్యి ఆర్పాక, నిప్పుకు దూరంగా, రెండు మూడు పాళ్ల టర్పెంటైన్ కలపాలి. చిన్న పెట్టెకు ఉసిరికాయంత ముద్ద చాలు. పలుచగా రాసి, ఇరవై నిమిషాలు ఆగి, పాత నూలు గుడ్డతో తుడవాలి. ఏడాదికి ఒకసారి మించి అవసరం లేదు. కొబ్బరినూనె, అవిసె నూనె రాస్తే రెండు రోజులు నల్లగా మెరిసి, తర్వాత జిగటై దుమ్ము పట్టి, కడగలేని మరకగా మిగులుతుంది.

లోహానికి చింతపండు, ఇత్తడి తోమే పొడి తగలనీయకూడదు. రేకు మెరుస్తుంది, కానీ దాని అంచు వెంబడి చెక్క ఈనెల్లోకి తెల్ల పొడి దిగి ఉండిపోతుంది. పులుపు మిగిలితే పచ్చ చిలుం కూడా పడుతుంది. మెత్తటి పొడి గుడ్డతో తుడిచి ఊరుకోవడమే మేలు.

కొనేటప్పుడు కళ్లు పెట్టాల్సిన చోట్లు

ముందు పక్క కడియాన్ని ఎత్తి వదలండి. అది ప్రతిసారీ చెక్క మీద ఒకే చోట తగులుతుంది. నిజంగా వాడిన పెట్టెలో ఆ చోట నెలవంకలాంటి గుంట పడి ఉంటుంది, గుంట లోపల కూడా చుట్టుపక్కల ఉన్నంత నునుపూ రంగూ ఉంటాయి. గుంట లేకపోతే కడియం కొత్తది, లేదా పెట్టె కొత్తది. గుంట ఉండి కడియం దానికి ఆనకుండా పక్కన పడుతుంటే కడియం మార్చారు. గొళ్లెం నాలుక వెనక కూడా ఇలాంటి గీత కోసమే చూడాలి.

తర్వాత పెట్టెను తిప్పి అడుగు చూడాలి. అరుగుదల నాలుగు అంచుల్లో హెచ్చుతగ్గులుగా ఉంటుంది, గీతలు అన్ని దిక్కులా ఉంటాయి. అంతా సమంగా, గీతలన్నీ ఒకే వైపు ఉంటే మిషన్‌తో అరగదీసినట్టు. లోపలివైపు చీల కాళ్ల చుట్టూ చెక్క నల్లబడి ఉండాలి. పాత రేకు ఉన్న నీడ, పూడ్చిన రంధ్రాలు కనిపిస్తే లోహం మారింది. ఒక్కోసారి విరిగిన పాత బీరువా తలుపులు కోసి కొత్త పెట్టె కడతారు, అప్పుడు చెక్క నిజంగానే పాతది. పనికిరాని చోట పాత గాడి, సగంలో తెగిన బెజ్జం దాన్ని పట్టిస్తాయి.

తాళం కప్ప విడిగా చూడాలి. పాత చైనా తాళం అడ్డంగా పొడుగ్గా ఉంటుంది. లోపల కడ్డీకి రెండు మూడు సన్నని స్ప్రింగు రేకులు విచ్చుకుని ఉంటాయి. పక్క నుంచి తాళంచెవి తోస్తే అది ఆ రేకులను దగ్గరకు నొక్కి కడ్డీని బయటకు నెడుతుంది, తిప్పడం ఉండదు. తిప్పబోయి చెవి విరగ్గొట్టేవాళ్లు ఎక్కువ. పెట్టెతో పాటే పుట్టిన తాళం దొరకడం అరుదు కనుక బరువైన తాళాన్ని చూసి ఎక్కువ ధర పెట్టనవసరం లేదు. పైగా బరువు తాళం గొళ్లేన్ని కిందికి లాగుతుంది.

చెక్క ఏదో రుజువు కావాలంటే వాసన, రంగు చాలవు. అడుగున కనిపించని చోటి నుంచి గోటి ముక్కంత నమూనా తీసి సూక్ష్మదర్శినిలో చూడాలి. బెంగళూరులోని కేంద్ర కలప పరిశోధన సంస్థ కలప గుర్తింపు చేసి ఇస్తుంది. కాగితాలు కూడా అంతే ముఖ్యం. అంతరించే ముప్పున్న జీవాల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటీస్. ఎర్రచందనం 1995లో, రోజ్‌వుడ్ జాతి దాదాపు మొత్తం 2017లో దాని రెండో అనుబంధంలోకి వచ్చాయి. చైనా 2007 నుంచి 1911 నాటికి, అంతకు ముందు తయారైన విలువైన పురావస్తువులను బయటికి పంపనివ్వదు. ఎక్కడి నుంచి, ఏ ఏడు బయటికి వచ్చిందో రాతపూర్వకంగా లేని పెట్టెను కొంటే సరిహద్దు దాటేటప్పుడు జప్తయ్యే ప్రమాదం ఉంది.

ఇప్పుడు ఇంట్లో వాడుకోవడం

వాడకుండా అద్దాల వెనక పెట్టాలన్న నియమమేమీ లేదు. చిన్న పెట్టెలో ఉత్తరాలు, పాస్‌పోర్టులు, పాత ఫొటోలు ఉంచుకోవచ్చు, అయితే చెక్కకు నేరుగా తగలకుండా. మూసిన పెట్టెలో చెక్క నుంచి ఆమ్లపు ఆవిరి కొంచెం కొంచెంగా వస్తూనే ఉంటుంది. కాగితం పసుపెక్కుతుంది, సీసం తెల్లబడి పొడి రాలుతుంది, ముత్యాలూ గవ్వలూ మెరుపు తగ్గుతాయి. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, ముత్యాలను వేరే చోట పెట్టడం మంచిది. బంగారానికి ఏ బాధా లేదు. కర్పూరపు చెక్క పెట్టెలో పట్టుచీరలు పెడితే పురుగు దరిచేరదు. ఐతే చెక్క నూనె మరక పడకుండా ఉతికిన నూలు గుడ్డలో చుట్టాలి. ఉన్న కర్పూరం చాలదని కలరా ఉండలు కూడా వేస్తే వాటి ఆవిరి లోపలి పూతను మెత్తబరచవచ్చు.

పెట్టెను ఎత్తేటప్పుడు కడియాలు పట్టుకోకుండా రెండు చేతులూ అడుగున పెట్టాలి. మూత తెరిచాక దాన్ని ఆపే గొలుసు ఈ పెట్టెలకు సాధారణంగా ఉండదు. నిటారుగా నిలిచిన తర్వాత వెనక్కి వదిలితే బరువంతా కీళ్ల చీలల మీద పడి గోడ చీలుతుంది. కాబట్టి ఒక చెయ్యి మూత మీద ఉండాలి, లేదా వెనక మెత్తటి దిండు ఆనించాలి. తలుపుల పెట్టె మూసేటప్పుడు వరస కూడా ముఖ్యం: ముందు సొరుగులన్నీ చివరిదాకా తోసి, రెండు తలుపులూ పూర్తిగా మూసి, పై నాలుకలు ఒకే వరసలో ఉన్నాయని వేలితో తడిమి చూసి, అప్పుడు మూత దించాలి. ఒక తలుపు వెంట్రుకవాసి ముందుకు ఉన్నా మూత అంచు ఆ నాలుక మీదే దిగుతుంది. విరిగేది ఆ మూడు నాలుగు మిల్లీమీటర్ల చెక్కే. అది విరిగాక మూతకు తాళం వేసినా తలుపు ఊరికే తెరుచుకుంటుంది.